దానంగా వచ్చిన మూత్రపిండం, దాచిపెట్టిన దగ్గు

హైదరాబాదులోని మెహదీపట్నం నుంచి బీజాపూర్ రహదారి వెంట పడమరగా సాగితే, ఒకవైపు గండిపేట, మరొకవైపు హిమాయత్‌సాగర్ జలాశయాలను ఉంచుకుని అజీజ్‌నగర్ మీదుగా మొయినాబాద్ చేరుకుంటాం. ఆ మండలంలోని గ్రామాలలో ఎంకపల్లి ఒకటి. కూరగాయలు, పూలు పండించే పల్లెల నడుమ ఉన్న ఈ గ్రామంలో నేడు భాస్కర్ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అదే దారిలో చేవెళ్ల దాటి, మన్నెగూడ వద్ద వికారాబాద్ వైపు మళ్లితే అనంతగిరి కొండలు కనిపిస్తాయి. మూసీ నది పుట్టిన ఆ కొండల మీద నిజాం పాలనా కాలంలో క్షయరోగుల కోసం ఒక శానిటోరియం వెలిసింది. క్షయకు మందు లేని రోజులవి. కొండగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, వీటితోనే నాటి వైద్యం సాగేది.

ఈ దారికి ఒక కొసన అనంతగిరి ఉంటే, రెండవ కొసన, నగరంలోని పంజగుట్టలో, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. మూత్రపిండాలు చెడిపోయిన వారికి అక్కడ కొత్త మూత్రపిండం అమర్చుతున్నారు. పాత రోగానికి గుర్తుగా మిగిలినది ఒక కొస, కొత్త వైద్యానికి ప్రతీకగా నిలిచినది మరొక కొస. రెంటికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉంది. అది రోగి ఛాతీలోనే ఉంది. అవయవ మార్పిడి జరిగిన వ్యక్తిలో పాత క్షయక్రిమి ఎలా మేల్కొంటుంది, ఆ ముప్పు ఎవరికి ఎక్కువ, కుటుంబంగా మనం చేయవలసినదేమిటి అన్నవి ఈ వ్యాసంలో వివరించదలచాము.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం

మొయినాబాద్ పరిసరాలలోని ఒక సామాన్య కుటుంబాన్ని మనసులో ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు. కానీ ఇలాంటి ఇల్లు మన బంధువర్గంలో ఒకటైనా ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటిన కొడుకుకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయిస్తున్నారు. తల్లి తన మూత్రపిండం ఇవ్వడానికి సిద్ధపడింది. రక్తవర్గం కుదిరింది. పరీక్షలన్నీ పూర్తి కావచ్చాయి. చివరగా వైద్యుడు ఒక ప్రశ్న వేశాడు. "అమ్మా, మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా టీబీ వచ్చిందా?"

తల్లి క్షణం ఆగింది. అత్తగారికి, అంటే పిల్లల దాదీకి, పన్నెండేళ్ల కిందట క్షయ సోకి ఆరు నెలలు మందులు వాడిన సంగతి ఆమెకు గుర్తుంది. ఆ రోజుల్లో కొడుకు దాదీ గదిలోనే పడుకునేవాడు. కానీ చిన్న కూతురికి సంబంధాలు చూస్తున్నారు. టీబీ ఉన్న ఇల్లు అన్న మాట నలుగురిలో పడితే పెళ్లి ఆగిపోతుందేమోనని భయం. "లేదు సార్, మా ఇంట్లో ఎవరికీ లేదు" అంది.

కన్నకొడుకు కోసం శరీరంలోని భాగాన్నే కోసి ఇవ్వడానికి వెనుదీయని ఆ తల్లి, ఒక్క నిజం చెప్పడానికి వెనుదీసింది. ఆమెను నిందించడం మా ఉద్దేశం కాదు. ఆమె నోరు కట్టేసింది మనమంతా కలిసి మోస్తున్న సామాజిక భయం. అయితే ఆ ఒక్క అబద్ధం ఆమె ఇచ్చిన దానాన్నే ఎలా దెబ్బతీయగలదో తెలుసుకోవడం అవసరం.

నిద్రించే క్రిమి

1882 మార్చి 24న జర్మనీకి చెందిన రాబర్ట్ కోక్ క్షయకు కారణమైన క్రిమిని ప్రపంచానికి చూపించాడు. దానిని మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అంటారు. గాలి ద్వారా ఊపిరితిత్తులలోకి చేరిన ఈ క్రిమి అందరినీ వెంటనే రోగులుగా మార్చదు. శరీరంలోని రక్షణ కణాలు దానిని చుట్టుముట్టి, చిన్న గూడులాంటి గడ్డ కట్టి, అందులో బంధిస్తాయి. క్రిమి చావదు, పెరగదు. నిద్రిస్తుంది. దీనినే నిద్రాణ క్షయ అని వైద్యులు పిలుస్తారు. అలాంటి వ్యక్తికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు. ఇతరులకు అతని నుంచి వ్యాధి సోకదు.

2019 నుంచి 2021 వరకు మన దేశంలో జరిగిన జాతీయ క్షయ సర్వేలో, పదిహేనేళ్లు దాటిన వారిలో దాదాపు 31 శాతం మందికి ఈ క్రిమి సోకి ఉన్నట్లు తేలింది. ఆరోగ్యవంతులైతే వీరిలో నూటికి ఐదు నుంచి పది మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యాధి బయటపడుతుంది. మిగిలిన వారి శరీరం కడదాకా కాపలా కాస్తూనే ఉంటుంది.

అవయవ మార్పిడి తరువాత జరిగేది సరిగ్గా ఈ కాపలాను తగ్గించడమే. మరొకరి శరీరం నుంచి వచ్చిన మూత్రపిండాన్ని రోగి రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించి దాడి చేస్తుంది. ఈ దాడిని తిరస్కరణ అంటారు. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ముర్రే జరిపిన తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడిలో దాతా గ్రహీతా ఒకే పోలికగల కవల సోదరులు. అందువలన అక్కడ ఆ చిక్కు రాలేదు. మిగిలిన వారందరికీ జీవితాంతం రక్షణ శక్తిని అణచే మందులు తప్పవు. నేడు సాధారణంగా ప్రెడ్నిసోలోన్, టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ అనే మూడింటిని కలిపి ఇస్తారు. ఇవి ముఖ్యంగా తెల్లకణాలలోని టీ కణాలను నిగ్రహిస్తాయి. క్షయక్రిమిని గూటిలో బంధించి ఉంచేది కూడా ఆ టీ కణాలే. కొత్త అవయవం మీదికి పోకుండా కావలివాడిని కట్టివేస్తే, పాత ఖైదీ తలుపు తెరుచుకుని బయటికి వస్తాడు.

ముప్పు ఎంత?

2005లో స్పెయిన్‌కు చెందిన మాడ్రిడ్ వైద్యులు ప్రపంచవ్యాప్త నివేదికలను సమీక్షించి, అవయవ మార్పిడి పొందిన వారిలో క్షయ వచ్చే అవకాశం సాధారణ ప్రజల కంటే 20 నుంచి 74 రెట్లు అధికమని తెలిపారు. క్షయ అరుదైన సంపన్న దేశాలతో పోలిస్తే, అది విస్తరించి ఉన్న మనలాంటి దేశాలలో ఈ బెడద మరింత ఎక్కువ. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు.

మన ప్రాంతానికి దగ్గరలోనే దీనిపై ముఖ్యమైన పరిశోధనలు జరిగాయి. 1971లో మన దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి జరిపిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల నుంచి ఎందరో రోగులు వెళుతుంటారు. అక్కడి వైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, మూత్రపిండం అమర్చిన వారిలో సుమారు 13 శాతం మందికి తరువాతి కాలంలో క్షయ వచ్చినట్లు వెల్లడించారు. ఇక మన హైదరాబాదులో నిజామ్స్ సంస్థకు చెందిన వైద్యులు రామ్, స్వర్ణలత, ప్రసాద్, దక్షిణామూర్తి తమ రోగులలో కనిపించిన క్షయపై 2007లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. అంటే ఇది ఎక్కడో దూరదేశపు సమస్య కాదు. మన ఊరి బస్సు ఎక్కి వెళ్లే ఆసుపత్రుల సమస్య.

ప్రాణనష్టం కూడా స్వల్పం కాదు. 1998లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్షలో, అవయవ మార్పిడి తరువాత క్షయ సోకిన 511 మంది వివరాలను పరిశీలించగా, వారిలో 29 శాతం మంది మరణించినట్లు తేలింది. అయితే త్వరగా గుర్తించి, సరైన మందులు సరైన పద్ధతిలో ఇస్తే నయం చేయడం సాధ్యమే. అందుకే ముందుగా తెలుసుకోవలసినది, ముప్పు ఎవరికి ఎక్కువ అన్నది.

ఎవరు మరింత జాగ్రత్తపడాలి?

మొదటిది, గతం. తనకు గతంలో క్షయ వచ్చి ఉండటం, ఇంట్లో ఒకరికి వచ్చి ఉండటం, ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చలు కనిపించడం, ఇవి ముఖ్యమైన సూచనలు. ముందు సరైన చికిత్స జరగని పక్షంలో ప్రమాదం ఇంకా ఎక్కువ.

రెండవది, మధుమేహం. వేలూరు అధ్యయనంలో ముప్పును పెంచే కారణాలలో మధుమేహం, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ప్రముఖంగా కనిపించాయి. మూత్రపిండాలు చెడిపోవడానికి మన వారిలో ప్రధాన కారణాలలో ఒకటి మధుమేహమే. పైగా ప్రెడ్నిసోలోన్, టాక్రోలిమస్ మందుల వలన, అంతకు ముందు చక్కెర వ్యాధి లేని వారికి కూడా కొత్తగా రావచ్చు. కాబట్టి మార్పిడి జరిగాక చక్కెర పరీక్షను నిర్లక్ష్యం చేయరాదు.

మూడవది, మందుల తీవ్రత. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించే సూచనలు కనిపించినప్పుడు పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు గాని, టీ కణాలను నిర్మూలించే బలమైన ఇంజక్షన్లు గాని ఇస్తారు. తరువాతి కొన్ని నెలలు రోగి ఎంతో అప్రమత్తంగా ఉండాలి. అలాగే సైటోమెగలో వైరస్ వంటి ఇతర అంటువ్యాధులు తోడైతే క్షయకు దారి సుగమం అవుతుంది.

నాలుగవది, శరీర స్థితి. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద ఉండటం, వయసు పైబడటం, బరువు తగ్గి బక్కచిక్కిపోవడం, పొగతాగడం, ఇవన్నీ కాపలాను బలహీనపరుస్తాయి.

ఐదవది, దాత. దాత శరీరంలో నిద్రిస్తున్న క్రిమి అవయవంతో పాటు గ్రహీతలోకి చేరిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఇది అరుదే. అయినా, దాతను కూడా అదే ప్రశ్న అడగడం ఇందుకే. మన ఊహాకుటుంబంలో తల్లి కూడా అదే అత్తగారికి సేవ చేసింది కదా! క్షయ చురుకుగా ఉన్న వ్యక్తి నుంచి అవయవం తీసుకోరు. నిద్రాణంగా ఉంటే మాత్రం దానం ఆగిపోనక్కరలేదు. తగిన పరీక్షలు జరిపి, గ్రహీతకు నివారణ మందులు ఇచ్చి ముందుకు సాగవచ్చు. నిజం చెబితే ఆపరేషన్ రద్దవుతుందన్న భయం చాలావరకు నిరాధారమైనది.

పరీక్షలు తడబడే చోట

"ఇన్ని యంత్రాలు ఉండగా మా మాట దేనికి? పరీక్ష చేసి తెలుసుకోవచ్చు కదా?" అని కొందరు అడుగుతారు. ఇక్కడే ఒక ముఖ్య విషయం గమనించాలి. నిద్రాణ క్షయను గుర్తించడానికి రెండు పద్ధతులున్నాయి. చేతి చర్మంలోకి సూదిమందు ఇచ్చి రెండు మూడు రోజుల తరువాత వాపును కొలిచే మాంటూ పరీక్ష ఒకటి. రక్తంలో చేసే ఇగ్రా పరీక్ష రెండవది. ఈ రెండూ కొలిచేది క్రిమిని కాదు. క్రిమిని చూసి శరీరపు రక్షణ కణాలు ఎలా స్పందిస్తున్నాయో కొలుస్తాయి. మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్ మీద ఉన్న వ్యక్తిలో ఆ కణాలు అప్పటికే నీరసించి ఉంటాయి. క్రిమి ఉన్నా స్పందన రాకపోవచ్చు. సాధారణంగా మాంటూ వాపు పది మిల్లీమీటర్లు ఉంటేనే లెక్కలోకి తీసుకునే వైద్యులు, అవయవ మార్పిడికి సిద్ధమవుతున్న వారిలో ఐదు మిల్లీమీటర్లనే హెచ్చరికగా పరిగణించడానికి కారణం ఇదే.

కాబట్టి ఈ రోగులలో పరీక్ష లేదని చెప్పినంత మాత్రాన లేనట్లు కాదు. యంత్రం తడబడే చోట వైద్యునికి మిగిలే ఆధారాలు రెండే. ఒకటి ఎక్స్‌రే. మరొకటి కుటుంబం చెప్పే మాట. మన తల్లి "లేదు" అన్న మాటతో వైద్యుడు ఆ రెండవ ఆధారాన్ని పోగొట్టుకున్నాడు.

నిజం తెలిసి ఉంటే ఏమి చేసేవారు? ఐసోనియజిడ్ అనే మందును, దానితో పాటు నరాల రక్షణకు పిరిడాక్సిన్ అనే బీ6 విటమిన్‌ను, కొన్ని నెలలపాటు నివారణగా ఇవ్వవచ్చు. మన దేశంలో దీనిని అందరికీ ఇవ్వాలా, ముప్పు ఎక్కువ ఉన్నవారికే ఇవ్వాలా అన్న విషయంలో అన్ని ఆసుపత్రులదీ ఒకే పద్ధతి కాదు. ఈ మందు కొందరిలో కాలేయాన్ని బాధిస్తుంది. అందువలన తూచి నిర్ణయించాలి. అలా తూచడానికి వైద్యుని చేతిలో ఉండవలసిన మొదటి బరువు, రోగి ఇంటి చరిత్ర.

దగ్గు లేని క్షయ

క్షయ అనగానే మనకు విడవని దగ్గు, కళ్లెలో రక్తం గుర్తుకొస్తాయి. అవయవ మార్పిడి పొందిన వ్యక్తిలో అది అంత స్పష్టంగా కనిపించదు. స్టెరాయిడ్లు జ్వరాన్ని కూడా అణచిపెడతాయి. వ్యాధి ఊపిరితిత్తులకే పరిమితం కాక, లింఫ్ గ్రంథులు, ఎముకలు, పేగులు, మెదడు పొరలు, ఒక్కోసారి అమర్చిన మూత్రపిండంలో కూడా వ్యాపించడం ఇతరులతో పోలిస్తే వీరిలో ఎక్కువ. సాయంత్రాలు వచ్చిపోయే కొద్దిపాటి జ్వరం, రాత్రి చెమటలు, కారణం తెలియని బరువు తగ్గుదల, ఆకలి మందగించడం, మెడలో గడ్డ, తగ్గని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా మార్పిడి చేసిన ఆసుపత్రికి తెలియజేయాలి. శస్త్రచికిత్స జరిగిన మొదటి ఏడాదిలో ఇలాంటి కేసులు ఎక్కువగా బయటపడతాయి. అయితే ఏళ్లు గడిచాక కూడా రావచ్చు.

నిర్ధారణకు కళ్లె, మూత్రం, గడ్డలోని ద్రవం, అవసరమైతే ఊపిరితిత్తుల లోపలి నుంచి తీసిన నమూనా పరీక్షిస్తారు. ప్రభుత్వ కార్యక్రమంలో అందుబాటులో ఉన్న సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొద్ది గంటలలోనే క్రిమి జాడను, రిఫాంపిసిన్ మందు దానిపై పనిచేస్తుందో లేదో కూడా చెప్పగలవు.

మందుకూ మందుకూ మధ్య పోరు

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన మలుపు వద్దకు వచ్చాము. 1984లో జపాన్‌లోని త్సుకుబా కొండ ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ పుట్టింది. 1957లో ఫ్రాన్స్‌లోని ఒక పైన్ వనపు మట్టిలో దొరికిన మరొక సూక్ష్మజీవి నుంచి రిఫాంపిసిన్‌కు మూలమైన పదార్థం లభించింది. రెండూ మట్టి నుంచి వచ్చిన మేలిమి మందులే. ఒకటి కొత్త అవయవాన్ని కాపాడుతుంది. ఇంకొకటి క్షయను నయం చేస్తుంది. కానీ ఒకే శరీరంలో ఈ రెంటికీ పొసగదు.

రిఫాంపిసిన్ కాలేయంలోని కొన్ని ఎంజైములను విపరీతంగా ఉసిగొల్పుతుంది. అవి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి మందులను రక్తంలో నిలవనీయక వేగంగా విరిచివేస్తాయి. మోతాదును రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఐదు రెట్ల వరకు పెంచితే గాని రక్తంలో మునుపటి స్థాయి నిలవదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా క్షయ మాత్రలు మొదలుపెడితే, రోగి తన రోజువారీ మందులు ఒక్కటీ మానకపోయినా, లోపల అవి మాయమవుతుంటాయి. కొన్ని వారాలలోనే తిరస్కరణ మొదలై, తల్లి ఇచ్చిన మూత్రపిండం చెడిపోవచ్చు. జ్వరం తగ్గిందని ఇంటివారు సంతోషిస్తున్న రోజులలోనే ఈ నష్టం జరిగిపోతుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే సాధారణ క్షయ మాత్రలలో ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసి ఉంటాయి. లక్షలాది మందిని బతికించే మంచి మాత్రలవి. తప్పు మాత్రలది కాదు, ఇచ్చిన వారిది కూడా కాదు. "నాకు మూత్రపిండ మార్పిడి జరిగింది" అన్న మాట చెప్పకపోవడంలోనే తప్పంతా ఉంది. ఆ మాట చెబితే, వైద్యులు రిఫాంపిసిన్ స్థానంలో ఎంజైములను అంతగా ఉసిగొల్పని రిఫాబ్యుటిన్ వాడవచ్చు. లేదా రిఫాంపిసిన్‌నే వాడుతూ, తరచుగా రక్తపరీక్షలు చేసి టాక్రోలిమస్ మోతాదును సరిచేయవచ్చు. మూత్రపిండానికి హాని చేసే స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజక్షన్లకు దూరంగా ఉంటారు.

క్షయ చికిత్స ముగిసిన రోజున కూడా జాగ్రత్త అవసరం. రిఫాంపిసిన్ ఆపిన తరువాత సుమారు రెండు వారాలలో ఎంజైములు చల్లబడతాయి. అప్పటికి పెంచిన టాక్రోలిమస్ మోతాదు తగ్గించకపోతే, అదే మందు రక్తంలో అధికమై మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. కనుక ఏ మందు మొదలుపెట్టినా, ఏ మందు ఆపినా, ఇద్దరు వైద్యులకూ తెలియాలి. రిఫాంపిసిన్ వాడేటప్పుడు మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. అది రక్తమని భయపడి మందులు మానవలసిన పనిలేదు.

మట్టిలో, నీటిలో ఉండే బంధువులు

మైకోబాక్టీరియా కుటుంబంలో క్షయక్రిమి ఒక్కటే లేదు. కుష్ఠు కారక క్రిమి కూడా ఆ కుటుంబానిదే. మార్పిడి పొందిన వారిలో అది అరుదుగా కనిపిస్తుంది. స్పర్శలేని మచ్చ కనబడితే చూపించుకోవాలి. ఇవి గాక మట్టిలోనూ, నీటిలోనూ, కుళాయి గొట్టాలలోనూ నివసించే కాన్ససీ, ఏవియం, అబ్సెసస్, కెలోనీ, ఫార్చుయిటం వంటి జాతులున్నాయి. ఇవి సాధారణంగా మనిషి నుంచి మనిషికి సోకవు. ఆరోగ్యవంతులను అంతగా బాధించవు. అవయవ మార్పిడి పొందిన వారిలో మాత్రం చర్మంపై మానని పుండ్లు, గడ్డలు, ఊపిరితిత్తుల వ్యాధి కలిగించగలవు. ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన వారికి ఈ బెడద మిగతా వారికంటే ఎక్కువ.

సూక్ష్మదర్శిని కింద ఇవీ, క్షయక్రిమీ ఒకేలా కనిపిస్తాయి. కానీ మామూలు క్షయ మాత్రలు వీటిలో చాలా జాతులపై సరిగా పనిచేయవు. అందువలన నమూనాను ప్రయోగశాలలో పెంచి, ఏ జాతి క్రిమి అన్నది తేల్చడం ఎంతో ముఖ్యం. మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలలో అనేక కుటుంబాలు తోట పనితో బతుకుతున్నాయి. మార్పిడి పొందిన వ్యక్తి తోట పని పూర్తిగా మానుకోలేకపోతే, చెప్పులు, చేతి తొడుగులు లేకుండా మట్టిలోకి దిగరాదు. గాయమైతే శుభ్రమైన నీటితో కడిగి కట్టు కట్టుకోవాలి. మూడు నాలుగు వారాలైనా మానని చిన్న గడ్డను చిన్నదని వదిలేయరాదు.

మన ఇళ్లలో పాటించవలసినవి

రోగిని పరామర్శించడం మన సమాజంలో గొప్ప పుణ్యకార్యం. ఆపరేషన్ జరిగి ఇంటికి వచ్చిన వ్యక్తిని చూడటానికి బంధువులు గుంపులుగా వస్తారు. మొదటి నెలలలో ఇది మేలుకు బదులు కీడు చేయవచ్చు. దగ్గు, జ్వరం ఉన్నవారు ఫోనులో పలకరిస్తే, దూరం నుంచే దుఆ చేస్తే, అది కూడా పరామర్శే. గది కిటికీలు తెరిచి ఉంచండి. గాలి, వెలుతురు క్షయక్రిమికి శత్రువులు.

ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్లె పరీక్ష చేయించాలి. మన ప్రాంతం వారికి ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి కూడా అందుబాటులో ఉంది. క్షయరోగి ఉన్న ఇంట్లోని మిగతా వారికి నివారణ మందులు కూడా ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చికిత్సలో ఉన్న క్షయరోగికి పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు నిక్షయ్ పోషణ్ యోజన కింద అందుతున్నాయి.

మార్పిడి పొందిన వ్యక్తి బీసీజీ టీకా తీసుకోరాదు. అందులో ఉండేది బలహీనపరిచిన సజీవ క్రిమి. 1948లో మన మదనపల్లెలో తొలిసారిగా దేశంలోకి అడుగుపెట్టిన ఈ టీకా పసిపిల్లలకు మేలు చేసేదే. రక్షణ శక్తి తగ్గిన వారికి మాత్రం అదే హాని చేయగలదు.

పంపరపనస టాక్రోలిమస్ స్థాయిని పెంచగలదు గనుక దానిని మానుకోవాలి. భస్మాలు, మూలికలు, ఊరిలో ఎవరో చెప్పిన పొడులు, ఏవైనా సరే వైద్యునికి చూపకుండా వాడరాదు. రమజాన్ ఉపవాసాల విషయానికి వస్తే, టాక్రోలిమస్ సాధారణంగా పన్నెండు గంటలకోసారి వేసుకోవలసిన మందు. నీరు తాగకుండా ఉండటం వలన మూత్రపిండంపై భారం పడవచ్చు. ఉపవాసం ఉండవచ్చో లేదో మార్పిడి చేసిన వైద్యుని ముందుగా అడిగి తెలుసుకోండి. రోగికి ధర్మం ఇచ్చిన సడలింపును వాడుకోవడంలో సిగ్గుపడవలసినది లేదు. మందుల వేళలను తమంతట తామే సహరీకి, ఇఫ్తార్‌కు మార్చుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

అన్నిటికంటే తేలికైన జాగ్రత్త ఒకటుంది. ఒక చిన్న కార్డుపై "నాకు మూత్రపిండ మార్పిడి జరిగింది, నేను ఈ మందులు వాడుతున్నాను, కొత్త మందు ఇచ్చే ముందు మా ఆసుపత్రిని సంప్రదించండి" అని రాసి, మందుల పేర్లు, ఆసుపత్రి ఫోను నంబరు చేర్చి జేబులో ఉంచుకోవాలి. ఎంకపల్లిలోని ఆసుపత్రికి వెళ్లినా, పక్క వీధిలోని మందుల దుకాణానికి వెళ్లినా, ముందుగా ఆ కార్డు చూపించాలి.

అమానత్

మన రాష్ట్రంలో మరణానంతర అవయవదానాన్ని సమన్వయపరిచే జీవన్‌దాన్ కార్యక్రమం 2013లో ప్రారంభమైంది. ఆ జాబితాలో పేరు నమోదు చేసుకుని ఏళ్లపాటు ఎదురుచూసేవారు ఉన్నారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, జీవిత భాగస్వామి దానం చేయవచ్చు. 2011 సవరణతో తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాళ్లు కూడా ఆ వరుసలో చేరారు. ఎలా వచ్చినా, ఆ అవయవం గ్రహీత చేతిలో పెట్టిన అమానత్. అమానత్‌ను కాపాడటం తీసుకున్నవాని ఒక్కని పని కాదు, ఇంటిల్లిపాది పని.

ఇప్పుడు మళ్లీ ఆ తల్లి వద్దకు వెళదాం. వైద్యుడు అడిగిన ప్రశ్నకు ఆమె మరొక విధంగా జవాబిచ్చిందనుకుందాం. "అవును సార్, మా అత్తగారికి పన్నెండేళ్ల కిందట వచ్చింది, ఆరు నెలలు మందులు వాడింది, మావాడు అప్పుడు ఆమె దగ్గరే పడుకునేవాడు." ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు. వైద్యుడు ఎక్స్‌రేను మరోసారి జాగ్రత్తగా చూస్తాడు. తల్లికీ కొడుకుకూ పరీక్షలు జరుపుతాడు. అవసరమైతే నివారణ మందు మొదలుపెడతాడు. మార్పిడి తరువాత కొడుకుకు ఒక సాయంత్రం కొద్దిగా జ్వరం తగిలితే, దేని కోసం వెదకాలో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది.

ఇక చిన్న కూతురి పెళ్లి మాట. క్షయ వంశపారంపర్య వ్యాధి కాదు. మందులు పూర్తిగా వాడిన వ్యక్తికి అది నయమవుతుంది. పన్నెండేళ్ల కిందట దాదీకి వచ్చి తగ్గిపోయిన రోగం మనుమరాలి పెళ్లికి అడ్డు కారాదు. ఈ సంగతి తెలియజెప్పవలసింది ఆ తల్లి ఒక్కతే కాదు. సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు అలాంటి ప్రశ్న అడగకుండా ఉండటం, విన్న మాటను నలుగురిలో చాటకుండా ఉండటం మనందరి బాధ్యత. ఆ తల్లి ఆసుపత్రిలో భయపడకుండా నిజం చెప్పగలిగే వాతావరణాన్ని మన ఇళ్లలో, మన మొహల్లాలలో మనమే కల్పించాలి.